పెన్సిల్ ములుకూ పలనాటి వజ్రమూ



తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లోకి జనం తరలివస్తారు. వాన తాకిడికి మట్టి కొట్టుకుపోయి గులకరాళ్లు పైకి తేలతాయి. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తలలు వంచుకుని ఒక్కో రాయినీ ఏరుతూ, వెలుగుకు ఎత్తి చూస్తూ తిరుగుతారు. అనంతపురం జిల్లా వజ్రకరూరులోనూ ఇదే వరస. వాళ్లు వెతుకుతున్నది కర్బనం కోసం. అదే కర్బనం ఆ ఊళ్ల బడిపిల్లల పలకసంచిలో పెన్సిల్ ములుకుగా కొద్ది రూపాయలకే దొరుకుతుంది. చేలో దొరికితే అప్పులన్నీ తీరిపోతాయి, సంచిలో ఉంటే చెక్కి పారేస్తాం. పదార్థం ఒక్కటే అయినప్పుడు గుణాల్లో ఇంత తేడా ఎలా వచ్చింది? ఈ పూట మాట్లాడుకోవలసింది ఇదే.

రెండూ ఒకటేనన్న సంగతి తేలడానికే చాలా కాలం పట్టింది. వజ్రం కాంతిని వంచే తీరు చూసి, మండే స్వభావం ఉన్న నూనెల కోవలో దాన్ని చేర్చాడు న్యూటన్, 1704లో వెలువడిన తన ‘ఆప్టిక్స్’ గ్రంథంలో. మండించి చూడకుండానే ఆ మాట అన్నాడంటే ఆ చూపు ఎంత పదునైనదో! 1772లో పారిస్‌లో లవోయిజర్ పెద్ద భూతద్దంతో సూర్యకిరణాలను వజ్రం మీదికి మళ్లించి కాల్చాడు. వచ్చిన వాయువు, బొగ్గును కాల్చితే వచ్చేదానిలాగే, సున్నపు తేటను పాలలా తెల్లబరిచింది. పాతికేళ్లకు, 1797లో, లండన్‌లో స్మిత్సన్ టెనంట్ లెక్క తేల్చేశాడు. వజ్రాన్ని సూరేకారంతో కలిపి బంగారు గొట్టంలో కాల్చి, వచ్చిన బొగ్గుపులుసు వాయువును కొలిచాడు. అంతే బరువున్న బొగ్గును కాల్చినా అంతే వాయువు వస్తుందని చూపాడు. అంటే వజ్రంలో కర్బనం తప్ప మరేమీ లేదు.

తూకం సరిపోయింది గానీ గుణాల చిక్కు విడలేదు. ఒక పదార్థంలో ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో చెప్పగలిగితే దాని గుట్టంతా తెలిసినట్టేనని అనుకునే రసాయన శాస్త్రానికి వజ్రం పెద్ద పరీక్ష పెట్టింది. జవాబు మరో నూట పదహారేళ్ల తర్వాత, 1913లో, ఇంగ్లండులో దొరికింది. విలియం హెన్రీ బ్రాగ్, ఆయన కుమారుడు విలియం లారెన్స్ బ్రాగ్ కలిసి వజ్రంలోకి ఎక్స్ కిరణాలు పంపారు. అవి ఏయే కోణాల్లో వెనక్కి వస్తున్నాయో కొలిచి, లోపల పరమాణువులు ఎక్కడెక్కడ ఉన్నాయో లెక్కగట్టారు. మనిషి ఒక రత్నం లోపలి కట్టడాన్ని చూడగలిగింది అప్పుడే.

ఆ కట్టడం చెబుతాను. ప్రతి కర్బన పరమాణువుకూ బంధాలకు పనికొచ్చే ఎలక్ట్రాన్లు నాలుగు. వజ్రంలో ఒక్కో పరమాణువు చుట్టూ నాలుగు పరమాణువులుంటాయి. పక్కపక్కనున్న రెండు పరమాణువులు చెరొక ఎలక్ట్రాన్ ఇచ్చి, ఆ జంటను ఉమ్మడిగా ఉంచుకుంటాయి. బంధమంటే ఇలా పంచుకున్న ఎలక్ట్రాన్ జంటేనని 1916లో అమెరికన్ శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ ప్రతిపాదించాడు. ఈ నాలుగు బంధాలూ ఒకదానికొకటి వీలైనంత ఎడంగా, సుమారు 109 డిగ్రీల కోణంలో, నాలుగు దిక్కులకూ చాచుకుని ఉంటాయి. ఒక్కో బంధం పొడవు 0.154 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు పొడవులో ఇలాంటి బంధాలను వరసగా పేర్చాలంటే దాదాపు 65 లక్షలు కావాలి. ఈ అల్లిక రాయి ఈ కొస నుంచి ఆ కొసదాకా ఎక్కడా తెగదు. ఉంగరంలోని వజ్రం మొత్తం ఒకే ఒక్క అణువు అంటే తప్పు లేదు.

కాఠిన్యం ఇక్కడినుంచే వస్తుంది. వజ్రం మీద గీత పడాలంటే పరమాణువులు పక్కకు జరగాలి. నలువైపులా బిగిసి ఉన్నవి బంధాలు తెగితే తప్ప ఎటు జరుగుతాయి? అయితే కాఠిన్యం వేరు, దెబ్బకు తాళడం వేరు. వజ్రాన్ని దాగలి మీద పెట్టి సమ్మెటతో కొట్టినా చెక్కుచెదరదన్న నమ్మకం లోకంలో చాలాకాలం ఉండేది. ఆ పరీక్షకు ఎన్ని మంచి రాళ్లు పిండి అయ్యాయో! నిజానికి కొడితే వజ్రం పగులుతుంది, అదీ నున్నగా, తిన్నగా పగులుతుంది. ఆ అల్లికలో నాలుగు దిశల్లో కొన్ని తలాలున్నాయి. ఆ తలాల మధ్య ఒక్కో పరమాణువుకు ఒక్కో బంధమే అడ్డం ఉంటుంది. ఉలి సరిగ్గా అక్కడ పడితే రాయి రెండవుతుంది. ఇనుప కడ్డీ వంగుతుంది, సాగుతుంది. వజ్రానికి ఆ వెసులుబాటు లేదు. దాని బంధాలు దిక్కు మార్చుకోవు. ఏ బిగువు గీత పడనివ్వదో ఆ బిగువే దెబ్బను మింగనివ్వదు. గొప్పా లోపమూ ఒకే చోటునుంచి పుట్టాయి. ఒకటి ఉంచుకుని రెండోది వద్దంటే కుదరదు.

వజ్రాన్ని వజ్రమే కోయాలంటాం. నిజమే. కానీ రెండూ సమానమైన కాఠిన్యం గలవైతే ఒకటి మరొకదాన్ని ఎలా అరగదీస్తుంది? సాన పట్టేవాళ్లకు ఈ మర్మం చేతివాటంగా తెలుసు. అల్లిక అన్ని దిశల్లోనూ ఒకేలా కనబడదు గనుక, వజ్రం కాఠిన్యం కూడా దిశను బట్టి మారుతుంది. ఒక వైపునుంచి సాన పడితే ఇట్టే అరిగే ముఖం, దిశ కాస్త మారిస్తే మొండికేస్తుంది. తిరిగే చక్రం మీద నూనెలో కలిపి పూసిన వజ్రపు పొడిలో రేణువులు అడ్డదిడ్డంగా ఉంటాయి. వాటిలో కొన్నైనా తమ గట్టి వైపును చూపుతూ ఉంటాయి. సానవాడు రాయిని కొద్దికొద్దిగా తిప్పుతూ, చక్రం చేసే చప్పుడు వింటూ, రాయి లొంగే దిశను పట్టుకుంటాడు. ఆ గట్టి రేణువులు రాయి మెత్తని దిశను అరగదీస్తాయి.

వేడి సంగతి మరీ ఆశ్చర్యం. మామూలుగా వేడిని చకచకా మోసుకుపోయేవి లోహాలు. రాగిలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతూ విద్యుత్తునూ వేడినీ రెంటినీ మోస్తాయి. వజ్రంలో ఒక్క ఎలక్ట్రానుకూ ఆ స్వేచ్ఛ లేదు, అందుకే స్వచ్ఛమైన వజ్రంలో విద్యుత్తు ప్రవహించదు. అయినా వేడిని మోయడంలో అది రాగికి దాదాపు అయిదింతలు! అక్కడ వేడి ప్రయాణించేది ఎలక్ట్రాన్ల మీద కాదు, బంధాల మీదనే. పరమాణువు తేలిక, బంధం బిగువు. ఒక చోట కలిగిన కంపనం అల్లిక వెంట క్షణంలో పాకిపోతుంది. చదునైన వజ్రపు పలకను వేళ్లతో పట్టుకుని ఐసుముక్క మీద ఆనిస్తే, కత్తి దిగినట్టు దిగబడుతుంది. ఐసును కరిగిస్తున్నది మన వేళ్ల వెచ్చదనమే. అది వజ్రం గుండా అంత వేగంగా దిగిపోతుంది, వేళ్లు జివ్వుమంటాయి.

ఇక పెన్సిల్. దాని ములుకులో ఉండేది గ్రాఫైటు, కొంత బంకమన్ను కలిపి కాల్చింది. ఆ కలపడం 1795లో ఫ్రాన్సులో నికొలా జాక్ కాంటే కనిపెట్టిన పద్ధతి. గ్రాఫైటు మెత్తన గనుక దాని బంధాలు బలహీనమైనవని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. గ్రాఫైటులో ఒక్కో కర్బనం నాలుగింటితో కాక మూడింటితోనే బంధం వేసుకుంటుంది. మూడూ ఒకే తలంలో 120 డిగ్రీల కోణంలో ఉంటాయి. అలా షడ్భుజాలు ఒకదానికొకటి అంటుకుని పలుచని పొరగా పరుచుకుంటాయి. ఆ పొరలో బంధం పొడవు 0.142 నానోమీటర్లు. వజ్రంలోని బంధం కంటే పొట్టిది, దానికంటే బలమైనది! బలహీనత అంతా పొరకూ పొరకూ మధ్య ఉంది. అక్కడి ఎడం 0.335 నానోమీటర్లు, పట్టు అంతంతమాత్రం. విస్తరాకుల కట్ట లాంటిది. ఏ ఆకుకు ఆకు గట్టిదే, కట్టలోంచి మాత్రం ఇట్టే జారిపోతుంది. మనం రాసినప్పుడు కాగితం మీద మిగిలేవి ఆ జారిన పొరల పెళ్లలు.

పొరలోని బంధాలకు అంత బలం లేకపోతే కంసాలి మూస గ్రాఫైటుతో చేసేవాళ్లే కాదు. బంగారం 1,064 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మూసకు ఏమీ కాదు. పాత ఇనుము కరిగించే విద్యుత్ కొలుముల్లో నిప్పులు చిమ్ముతూ దిగే నల్లటి స్తంభాలు కూడా గ్రాఫైటువే.

మరి మూడు బంధాలకు మూడు ఎలక్ట్రాన్లు పోతే నాలుగోది ఏమైంది? అసలు కథ దానిదే. ఆ నాలుగో ఎలక్ట్రాన్ ఏ ఒక్క జంటకూ కట్టుబడకుండా పొరంతా తనదిగా తిరుగుతుంది. అందుకే గ్రాఫైటు విద్యుత్తును మోస్తుంది. అందుకే నల్లన కూడా. కట్టుబడి లేని ఎలక్ట్రాన్లు ఏ రంగు కాంతినైనా పీల్చుకోగలవు. వజ్రంలో ఎలక్ట్రాన్లను కదిలించాలంటే కంటికి కనిపించే కాంతికి శక్తి చాలదు, అతినీలలోహితం దాకా పోవాలి. కనుక మామూలు వెలుగు వజ్రంలోంచి నిరాటంకంగా సాగిపోతుంది. ఒక్క ఎలక్ట్రాన్ కట్టుబడి ఉండటమా, విడిగా తిరగడమా అన్నదే ఒకదాన్ని తేటగా, మరొకదాన్ని నల్లగా మార్చింది.

ఇది ఇంట్లో చేసి చూడవచ్చు. 6బి రకం మెత్తని పెన్సిల్ తీసుకోండి. కాగితం మీద వేలి వెడల్పున, రెండంగుళాల పొడవున పట్టీ గీసి, కాగితం కనిపించకుండా నల్లగా రుద్దండి. 9 వోల్టుల బ్యాటరీ నుంచి ఒక తీగను ఆ పట్టీ ఒక కొసకు ఆనించండి. బ్యాటరీ రెండో తీగను చిన్న ఎల్‌ఈడీ బల్బు ఒక కాలికి చుట్టి, దాని రెండో కాలిని పట్టీ మీద పెట్టండి. వెలగకపోతే బల్బు కాళ్లు అటూ ఇటూ మార్చండి. బల్బు వెలుగుతుంది. కాలిని తీగ దగ్గరికి జరిపేకొద్దీ వెలుగు పెరుగుతుంది. మరీ ఆనించేయకండి, బల్బు మాడిపోతుంది. పిల్లలతో ఇది తప్పక చేయించండి. కర్బనం నాలుగో ఎలక్ట్రాన్ చేసే పనిని వాళ్లు కళ్లారా చూస్తారు.

పొరలు జారుతాయి గనుక గ్రాఫైటు కందెనలా పనిచేస్తుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ మాట సగమే నిజం. మిక్సీ బాగుచేసే అతను మోటారు విప్పి, “కార్బన్ బ్రష్షులు అరిగాయండీ” అంటాడు చూడండి, అవి తిరిగే భాగాన్ని ఒరుసుకుంటూ విద్యుత్తును అందించే కర్బనం దిమ్మెలు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బాగా ఎత్తున ఎగిరే విమానాల్లో ఇలాంటి బ్రష్షులు గంటల్లోనే పొడి అయిపోయేవి. నేల మీద నెలల తరబడి పనిచేసేవి ఆకాశంలో ఎందుకు అలా అయ్యాయి? ఎత్తున గాలి పలుచన, తేమ తక్కువ. పొరల అంచుల్లో పట్టు దొరకని బంధాలుంటాయి. కింద మామూలు గాలిలో నీటి ఆవిరి వాటికి అతుక్కుని, వాటి ఆబను తీరుస్తుంది. ఆవిరి లేకపోతే ఆ అంచులు ఎదుటి ఉపరితలాన్నే పట్టుకుంటాయి, ఒరిపిడి పెరిగి దిమ్మె అరిగిపోతుంది. లోపలి కట్టడంతో పాటు దాని అంచులకు ఏం అంటుకుని ఉందన్నది కూడా గుణాన్ని నిర్ణయిస్తుంది. ఈ సంగతి నాకు ఎంతో ఇష్టం. ఏ సూత్రమైనా పుస్తకంలో ఎంత సాఫీగా ఉన్నా, ఆకాశంలో ఒక మోటారు ఆగిపోయినప్పుడే దాని లోతు తెలుస్తుంది.

వజ్రం, గ్రాఫైటుల్లో ఏది స్థిరమైనదని అడిగితే, మనం పీల్చే గాలి ఒత్తిడిలో గ్రాఫైటే అని జవాబు. న్యాయంగా వజ్రం గ్రాఫైటుగా మారిపోవాలి. ఉంగరం పెట్టుకున్నవాళ్లు కంగారు పడనక్కర్లేదు. మారాలంటే ముందు ఆ నలువైపుల బంధాలు తెగాలి, దానికి కావలసినంత వేడి ఇక్కడ లేదు. వజ్రాలు ఏర్పడేది భూమిలో సుమారు నూట యాభై కిలోమీటర్ల లోతున. అక్కడి ఒత్తిడి పరమాణువులను దగ్గరికి అదుముతుంది. అందుకే వజ్రం సాంద్రత 3.5, గ్రాఫైటు సాంద్రత సుమారు 2.2. కింబర్లైటు అనే శిలాద్రవం వాటిని మోసుకుని వేగంగా పైకి ఎగదన్నుతుంది. వజ్రకరూరు దగ్గర ఉన్నవి అలాంటి ద్రవం గడ్డకట్టిన గొట్టాలే. ఆ వేగం లేకపోతే ఏమయ్యేదో మొరాకోలోని బెని బూసెరాలో చూడవచ్చు. అక్కడి శిలలు నింపాదిగా పైకి వచ్చాయి. దారిలో ఒత్తిడి తగ్గినా వేడి తగ్గలేదు. అక్కడ ఇప్పుడు దొరికేది ఎనిమిది ముఖాల వజ్రాకారంలో ఉన్న గ్రాఫైటు. ఆకారం వజ్రానిదే, లోపలున్నది పెన్సిల్ సరుకు.

మన వజ్రాల మాట వచ్చింది గనుక కృష్ణా ఒడ్డుకు వద్దాం. పలనాటిలో కొల్లూరు గనులున్న చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం నీటి కింద ఉంది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే అక్కడికి వచ్చి, గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. లూవ్ర్ ప్రదర్శనశాలలో ఉన్న రీజెంట్ వజ్రం, వాషింగ్టన్‌లో ఉన్న నీలి హోప్ వజ్రం ఆ గనులవేనని చెబుతారు. గోల్కొండ పేరుతో చలామణి అయిన ఈ వజ్రాలు నీటిబొట్టంత తేటగా ఉంటాయని ప్రపంచమంతా అంటుంది. ఆ తేటదనానికి కారణం తెలియడానికి 1959 దాకా ఆగాల్సి వచ్చింది.

1934లోనే ముగ్గురు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు వజ్రాల్లో రెండు జాతులున్నాయని గమనించారు. ఒకటి అతినీలలోహిత కాంతిని అడ్డుకుంటుంది, రెండోది చాలా దూరం పోనిస్తుంది. ఎందుకన్నది తేలలేదు. విశాఖపట్నంలో బాల్యం గడిపిన సి.వి.రామన్ గారికి వజ్రాలంటే ప్రాణం, వందలాది రాళ్లు సేకరించారు. పరమాణువుల అమరికలోని సౌష్ఠవంలోనే తేడాలున్నాయని, అందుకే ఈ రకాలు ఏర్పడ్డాయని వాదించారు. చివరికి 1959లో అమెరికాలో కైజర్, బాండ్ అనే ఇద్దరు అసలు కారణం చూపారు. మొదటి జాతి వజ్రాల్లో కొన్ని కర్బనాల స్థానంలో నత్రజని కూర్చుని ఉంది. నత్రజనికి ఒక ఎలక్ట్రాన్ ఎక్కువ. కొన్ని అమరికల్లో అది నీలి కాంతిని పీల్చి రాయికి పసుపు జీర తెస్తుంది. గోల్కొండ మేలిరాళ్లు నత్రజని దాదాపు లేని రెండో జాతివి. హోప్ వజ్రంలో నత్రజని బదులు బోరాన్ ఉంది, పది లక్షల పరమాణువుల్లో ఒకటీ అరా. దానికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ. ఆ లోటు ఎర్రటి కాంతిని పీల్చుకోవడంతో రాయి నీలంగా కనిపిస్తుంది. పైగా ఆ రాయి కొద్దిగా విద్యుత్తును కూడా మోస్తుంది. రామన్ గారి జవాబు నిలవలేదు గానీ, వజ్రాన్ని ఆభరణాల పెట్టెలోంచి తీసి ప్రయోగశాల బల్ల మీద పెట్టి అంత పట్టుదలగా ప్రశ్నించినవాళ్లు మన దేశంలో మరెవరు?

ఆయన దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారిది అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లి. 1930లోనే వజ్రంలో రామన్ ప్రభావాన్ని, అంటే పదార్థంలో చెదిరిన కాంతి రంగు మారడాన్ని, పరిశీలించారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఉండగా, భీమసేనాచార్‌తో కలిసి వజ్రంలోకి అతిధ్వని తరంగాలు పంపి, అది ఒత్తిడికి ఎంత బిగుస్తుందో కొలిచారు. ఆ వ్యాసం 1946లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయింది. వజ్రం మీద ఒకే రంగు కాంతి వేస్తే, చెదిరిన వెలుగులో 1332 అనే సంఖ్య దగ్గర ఒక్క సన్నని గీత కనిపిస్తుంది. అది కర్బన బంధం కంపించే వేగానికి గుర్తు. ఇప్పటికీ ఒక రాయి వజ్రమా కాదా అని నిస్సందేహంగా తేల్చాలంటే ప్రయోగశాలలు ఆ గీతనే వెతుకుతాయి.

నగల దుకాణంలో అంత సరంజామా ఉండదు. పెన్నులాంటి చిన్న పరికరం మొనను రాయికి తాకిస్తారు. మొన వెచ్చగా ఉంటుంది. రాయి ఆ వేడిని ఎంత వేగంగా లాగేసుకుంటుందో అది చూస్తుంది. మనం అమెరికన్ డైమండ్ అని పిలిచే రాయి జిర్కోనియం, ఆక్సిజన్ల సమ్మేళనం. తళుకు ఎంత ఉన్నా వేడిని లాగలేక వెంటనే దొరికిపోతుంది. మోయిసనైట్ మాత్రం ఆ పరికరాన్ని బోల్తా కొట్టిస్తుంది. అందులో సిలికాన్, కర్బనం ఒకదాని పక్కన ఒకటి, వజ్రంలోలాగే నాలుగేసి బంధాలతో అల్లుకుని ఉంటాయి. కట్టడం పోలింది గనుక వేడి నడకా పోలింది. 1893లో అమెరికాలోని ఒక ఉల్కాశకలంలో దాన్ని చూసిన ఆన్రీ మోయిసాన్ కూడా ముందు వజ్రమనే అనుకున్నాడు. అయితే దాని అమరికలో, వజ్రంలో లేని విధంగా, ఒక దిశ మిగతావాటికి భిన్నంగా ఉంటుంది కాబట్టి కాంతి అందులో రెండుగా చీలుతుంది. భూతద్దంతో పైముఖం నుంచి కొంచెం ఏటవాలుగా చూడండి. వెనకవైపు అంచులు జంటగీతలుగా కనిపిస్తే అది మోయిసనైట్.

ప్రయోగశాలలో పెంచిన వజ్రం సంగతి వేరు. ఒక పద్ధతిలో మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌లతో కాగబెట్టి, కర్బనాన్ని పొర మీద పొరగా పేర్చి దాన్ని పెంచుతారు. దానిలో నత్రజని ఎంత తక్కువంటే, చాలామటుకు గోల్కొండ జాతిలోకే వస్తుంది. వేడి పరికరం దాన్ని వజ్రమంటుంది, 1332 గీతా కనిపిస్తుంది. రెండూ సరిగ్గానే చెబుతున్నాయి, అది వజ్రమే. నకిలీ అనడం నా దృష్టిలో అన్యాయం. భూమిలో పుట్టినదానికీ దానికీ తేడా పెరిగిన తీరులో మాత్రమే ఉంది. గట్టి అతినీలలోహిత కాంతిలో పెడితే గని రాయిలో ఎనిమిది ముఖాలుగా పెరిగిన వలయాలు, ఇలా పెంచినదానిలో సమాంతరమైన చారలు మెరుస్తాయి. ఇది కంటికి గానీ దుకాణం పెన్నుకు గానీ అందదు. ధరలో మాత్రం బోలెడంత వ్యత్యాసం ఉంది. కనుక కొనేటప్పుడు రాయి గనిలోదా, ప్రయోగశాలలో పెంచినదా అన్నది పరీక్షా కేంద్రం ఇచ్చిన పత్రంలో చూసుకుని, బిల్లు మీద కూడా రాయించుకోండి.